పన్నెండు బాక్సుల లైను

మూడో తారీఖు
గాలి: ఎర్ర. బాక్సులు: 12. మనుషులు: 31.

ఈ పుస్తకంలో రోజూ నేను రాయాల్సింది పై మూడు ముక్కలే. మిగతా పేజీ ఖాళీగా వదలాలని నియమం. ఈ గుట్ట మీద ఖాళీకి కొదవ లేదు. కాగితం మీద కూడా దాన్నే చూస్తూ కూర్చోవడం నావల్ల కాదు. అందుకని రాస్తున్నాను. తనిఖీకి వచ్చినవాళ్లు తిడతారేమో, తిట్టనీ. తిట్టడానికైనా ఒక మనిషి గుట్ట ఎక్కి వస్తాడు.

పొద్దున డాబా మీద దుమ్ము ఊడ్చాను, ఐదు గంపలు. ఫ్యాన్ల జాలీలు దులిపాను. సాయంత్రం ఐదింటికి చానల్ వేశాను. ముందు రేపటి గాలి కబురు, తర్వాత పాటలు, ఆ తర్వాత ఏదో ఒక పాత సినిమా. గాలి ఎర్ర అంటే దుమ్ము దట్టం, పసుపు అంటే కాస్త నయం. గాలికి కరెంటు పట్టిన ఏడాదే ఫోన్లూ రేడియోలూ మూగబోయాయి. భూమిలో పాతిన పాత కేబుల్ ఒక్కటే ఇంకా మాట వింటోంది. ఒకప్పుడు టీవీ కింద ఎవరికీ పట్టకుండా పడి ఉండే సెటాప్ బాక్సే ఇప్పుడు కబురు మోస్తోంది.

నా బల్ల ఎదురుగా గోడ మీద పన్నెండు చిన్న పచ్చలైట్లు ఉంటాయి. అవి ఇక్కడికి పదకొండు కిలోమీటర్ల దూరాన ఉన్న పలకల కాలనీలోని పన్నెండు ఇళ్లు. సోలార్ పలకలు తుడిచేవాళ్ల కోసం కట్టిన కాలనీ అది. ఒక్కో బాక్సు నాకు రెండే సంగతులు చెబుతుంది, ఆన్‌లో ఉందా లేదా, ఏ నంబరు నొక్కారు. ఉన్నది ఒకే చానల్ గనుక నంబర్లను మాటలకు వాడుకుంటున్నాం. నాలుగేళ్ల కిందట, నేను కొత్తగా వచ్చినప్పుడు, ఇల్లిల్లూ తిరిగి నేర్పి వచ్చాను. తెర కింద నేను స్క్రోలింగ్ వేస్తాను, "అందరూ కులాసానా? – గుట్ట నుంచి దస్తగిరి" అని. 1 నొక్కితే కులాసా. 2 అంటే నీళ్లు రాలేదు. 3 అంటే ఒంట్లో బాగాలేదు. 9 అంటే మళ్లీ వెయ్యి.

ఆరో ఇంటి గోవిందక్క బాక్సు వెలగ్గానే 9 కొడుతుంది. ఆమెకు ఒకే పాట కావాలి, పెళ్లిపందిరిలో పాడే పాట. మూడేళ్లుగా రోజూ వేస్తున్నాను, ఆ పాట మొదలవగానే నా పళ్లు వాటంతటవే బిగుసుకుంటాయి. తొమ్మిదో ఇంటి తిప్పేస్వామి రోజూ 3 నొక్కుతాడు, దగ్గు. మిరియాల కషాయం తాగమని స్క్రోలింగ్ వేస్తే 1 నొక్కి ఊరుకుంటాడు. తాగడు, నాకు తెలుసు. ఒకటో ఇల్లు వన్నూరక్కది. ఆమె ఎప్పుడూ 1 తప్ప ఇంకోటి నొక్కి ఎరగదు. ఆమె గురించి రాయడానికి ఏమీ ఉండదు.

సంగటి పళ్లెం పట్టుకుని ఆ లైట్ల ముందే కూర్చుంటాను. పన్నెండిళ్లతో కలిసి భోజనం. ఎవరైనా చూస్తే నవ్విపోతారు గాని, చూసేవాళ్లెవరు?

తొమ్మిదో తారీఖు
గాలి: ఎర్ర. బాక్సులు: 12. మనుషులు: 31.

లైనుకు ఏదో జబ్బు చేసింది.

మా బాక్సులు ఒక్కసారిగా వెలగవు. ఒకటో ఇల్లు, నాలుగు నిమిషాలకు రెండో ఇల్లు, ఇంకో నాలుగు నిమిషాలకు మూడోది, ఇలా వరుసగా లేస్తాయి. దీనికి కారణం నేనే కనిపెట్టాను. ఇంటింటి ముందూ భూమిలో ఒక ఆంప్లిఫయర్ ఉంది. దుమ్ములోని కరెంటుకు అవన్నీ పగలు పడుకుంటాయి, సాయంత్రం ఒకటి లేస్తే గాని దాని వెనకది లేవదు. ఈ సంగతి కాగితం మీద బొమ్మ గీసి మరీ ఆఫీసుకు పంపాను. మెచ్చుకుంటారనుకున్నాను. అందింది అని మాత్రం రాశారు.

ఆ నాలుగు నిమిషాలు ఈ వారం ఆరయ్యాయి. ఏడో ఇంటికీ ఎనిమిదో ఇంటికీ మధ్యన అయితే పది.

ఇదే నెలాఖరున జరిగితే కొంప మునుగుతుంది. నెల చివరి రోజు సాయంత్రం ఏడింటికి వెలుగుతున్న బాక్సుల లెక్క దానంతటదే ఆఫీసుకు పోతుంది. పన్నెండుకు ఒక్కటి తగ్గినా కాలనీ మూసేస్తారు. రెండు రోజుల్లో బండి వచ్చి ఉన్నవాళ్లను పట్నంలో ఆస్పత్రి పక్కనున్న శిబిరానికి చేరుస్తుంది. లైను తీసేస్తారు, నన్నూ గుట్ట దించేస్తారు. నా సంగతి సరే, ముప్ఫై ఒక్క మంది. తిప్పేస్వామి ఆ దగ్గుతో శిబిరంలో ఎన్నాళ్లుంటాడు?

పధ్నాలుగో తారీఖు
గాలి: పసుపు. బాక్సులు: 12. మనుషులు: 31.

డ్రైవర్ లేని బండి వచ్చింది. నా మూట ఇక్కడ దింపి, కాలనీ గేటు దగ్గర పన్నెండు మూటలు దింపడానికి పోయింది. దానికి గుడ్‌మార్నింగ్ చెప్పాను. బండికి చెబితే తప్పేముంది?

మూటలో రెండు కొత్త ఆంప్లిఫయర్లు, ఒక చీటీ. "మీ ఫిర్యాదు పరిశీలించాం. మార్చి చూడండి." గుట్ట కింద కేబుల్ గుర్తురాళ్ల వెంట రెండు కిలోమీటర్లు పోయి, తవ్వి, లైను మధ్యలో ఉన్న పాతవి రెండూ మార్చి వచ్చాను. నడుం విరిగింది. సాయంత్రం గర్వంగా గడియారం పెట్టుకుని కూర్చున్నాను.

ఎనిమిది నిమిషాలు. కొత్త సామాను వేస్తే జబ్బు ముదిరింది.

ఇరవయ్యొకటో తారీఖు
గాలి: ఎర్ర. బాక్సులు: 12. మనుషులు: 31.

తొమ్మిది నిమిషాలు. ఏడుకూ ఎనిమిదికీ మధ్య పదిహేడు. అంటే తప్పు అక్కడే ఉంది, ఆ జాయింట్‌లోనే. కాలనీకి పోయి చూద్దామంటే గుట్టను ఒక పూటకు మించి వదలకూడదని నియమం. ఆ సాకు చెప్పుకునే మూడేళ్లుగా అటు పోలేదు. నిజం రాయాలంటే, పోతే ఏం చూడాల్సి వస్తుందో అని భయం. ఇక్కడ లైట్లు వెలుగుతున్నాయి కదా, చాలు అనుకుంటూ వచ్చాను.

కోపం పట్టలేక స్క్రోలింగ్ వేశాను. "మీరు కూడా కాస్త త్వరగా ఆన్ చేసి పుణ్యం కట్టుకోండి." ఒకటో ఇంటి నుంచి 1 వచ్చింది. వన్నూరక్క కులాసా అట. అడిగిందేమిటి, చెప్పిందేమిటి!

ఇరవయ్యెనిమిదో తారీఖు
గాలి: ఎర్ర. బాక్సులు: 12. మనుషులు: 31.

రేపు పరీక్ష పెడుతున్నాను. మూడు రోజులుగా స్క్రోలింగ్ వేస్తున్నాను. "ఇరవై తొమ్మిదిన సరిగ్గా అయిదున్నరకు అన్ని ఇళ్లవాళ్లూ ఒకేసారి 5 నొక్కాలి. కాలనీ నిలబడాలంటే ఇది తప్పదు." ఏ ఇంటి నంబరు ఎంత ఆలస్యంగా వస్తుందో రాసుకుంటే జబ్బు ఎక్కడుందో తేలిపోతుంది.

తొమ్మిదో ఇంటి నుంచి 3, ఆరో ఇంటి నుంచి 9. పాట వేశాను, పళ్లు బిగించి.

ఇరవై తొమ్మిదో తారీఖు
గాలి: పసుపు. బాక్సులు: 8. మనుషులు:

ఆ గడి ఈ రోజు నింపలేను.

అయిదున్నరకు ఒకటో ఇంటి నుంచి 5 వచ్చింది. అయిదూ ముప్ఫై మూడుకు రెండో ఇల్లు. ముప్ఫై ఆరుకు మూడోది. తొమ్మిది నిమిషాలు పోయి మూడు నిమిషాలయ్యాయి! కుర్చీలోంచి లేచి గంతులేసినంత పని చేశాను. నలభై ఎనిమిదికి ఏడో ఇల్లు. ఆంప్లిఫయర్లు ఎట్టకేలకు దారిన పడ్డాయని, ఆఫీసుకు రాయబోయే మాటలు కూడా మనసులో కూర్చుకున్నాను.

ఎనిమిదో ఇల్లు వెలగలేదు. పది నిమిషాలు. ఇరవై. నలభై ఒక్క నిమిషాలకు వెలిగింది. 5 రాలేదు. 3 వచ్చింది. కాసేపు అలాగే ఉండి, 3 పోయి 1 వచ్చింది. ఆ తర్వాత తొమ్మిదో ఇల్లు లేదు, పదో ఇల్లు లేదు, ఇంకేమీ లేదు.

నేను ముప్ఫై ఏళ్లుగా కేబుల్ పని చేస్తున్నాను. తీగె తెగుతుంది, తుప్పు పడుతుంది, తడుస్తుంది. బాగాలేదని చెప్పి, అవతలివాడు కంగారుపడతాడేమోనని బాగున్నానని సర్దుకోదు. తీగెకు మొహమాటం ఉండదు. మొహమాటం ఉండేది మనిషికి.

పుస్తకాలు తీసి వెనక్కి తిరగేశాను. మూడేళ్ల లెక్కలు. ఏ రెండు ఇళ్ల నంబర్లూ ఒక్క నిమిషంలో వచ్చిన రోజు ఒక్కటి లేదు. వరుస ఎప్పుడూ ఒకటే, ఒకటో ఇంటి నుంచి పన్నెండో ఇంటి దాకా. నాలుగు నిమిషాలంటే ఒక్క మనిషే ఒక ఇంటికి తాళం తీసి, బాక్సు పెట్టి, నంబరు నొక్కి, తాళం వేసి పక్కింటికి నడవడానికి పట్టే సమయం. ఆరు, ఎనిమిది, తొమ్మిది అంటే ఆ నడిచేవాళ్ల కాలికి ఏదో అయింది. ఈ రోజు మూడు నిమిషాలంటే, ఆ కాలితోనే పరుగెత్తింది. నేను పరుగెత్తించాను.

ఒకటో ఇల్లు వన్నూరక్కది.

చీకట్లో గుర్తురాళ్లు కనబడవు. దారి తప్పితే ఇద్దరం పోతాం. స్క్రోలింగ్ వేశాను. "వన్నూరక్కా, కదలొద్దు. తెల్లారగానే బయల్దేరి వస్తున్నా. దస్తగిరి." ఎనిమిదో ఇంటి నుంచి 9 వచ్చింది. మళ్లీ వెయ్యి. మళ్లీ వేశాను. మళ్లీ 9. ఆ ఒక్క ముక్కనే ఆగకుండా తిరిగేలా పెట్టాను. సినిమా లేదు, పాట లేదు, అదొక్కటే. నాకు ఏడుపొచ్చింది. ఎనిమిది పచ్చలైట్ల ముందు కూర్చుని ఏడ్చాను.

ముప్ఫయ్యో తారీఖు

ఇది ఎనిమిదో ఇంట్లో కూర్చుని రాస్తున్నాను.

వెలుగు రాగానే తడిగుడ్డ మూతికి కట్టుకుని దిగాను. ఒక గుర్తురాయి నుంచి ఇంకో గుర్తురాయికి, కొన్నిచోట్ల పాకుతూ, పొద్దు వాలే వేళకు కాలనీ చేరాను. ఒకటో ఇంటికి తాళం. రెండో ఇంటికి తాళం. కిటికీలోంచి చూస్తే టీవీ వెలుగుతోంది, దాని ముందు మూటలు పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి. బండి తెచ్చిన రేషన్ మూటలు, ఒక్కటీ విప్పలేదు. ఏడో ఇంటి దాకా అంతే. ఏడో ఇంటికీ ఎనిమిదో ఇంటికీ మధ్య మనిషెత్తు ఇసుకదిబ్బ ఉంది. నేను జాయింట్ అనుకున్నది అదే. దాని మీద ఒక మనిషి ఈడ్చుకుంటూ పోయిన జాడ ఇంకా చెరగలేదు.

ఎనిమిదో ఇంటి తలుపు తీసే ఉంది. టీవీ ముందు నేల మీద వన్నూరక్క పడుకుని ఉంది, ఒక చేతిలో రిమోట్, ఒక చేతిలో తాళంచెవుల గుత్తి. నాలుగేళ్ల కిందట పలకలు తుడిచే ముఠాకు మేస్త్రీగా అందరినీ అదిలిస్తూ తిరిగిన మనిషి.

"ఎవురు?" అంది.

"నేనక్కా. గుట్ట మీద దస్తగిరిని."

"అంత దూరం నడిసొస్తివా? మరి చానలెవురు చూసుకుంటాండారప్పా?"

"ఎవరూ లేరు. దానంతటదే తిరుగుతాంది."

"బలే పని చేస్తివిలే," అని తిట్టబోయి ఏడ్చింది. నీళ్లు తాగించాను. ఒళ్లు కాలిపోతోంది. నెల కిందట పగిలిన పలక అంచు మడమ దగ్గర కోసుకుందట. పాదం నల్లబడింది, వాపు మోకాలి దాకా పాకింది.

"మిగతావాళ్లు యాడక్కా?"

"బళ్లారి దిక్కు పోయినారు. పోయి మూడేండ్లాయ. పనుండాదని ఎవుడో లారీ తెచ్చినాడు. రెండు నెల్లకొస్తామన్యారు."

"నువ్వెందుకు పోలే?"

"లారీలో ఒక్క మనిసికి చోటు చాల్లేదు. పిల్లోల్లుండారు, ముసిలోల్లుండారు. నాకెవురుండారు? నేనే దిగినా."

మా వైపు ఊరెళ్లేవాళ్లు తాళంచెవులు పక్కింట్లో ఇచ్చి, సందెవేళ ఇంట్లో ఇంత దీపం పెట్టమని చెప్పి పోతారు. ఎన్నాళ్లయినా సరే, ఇల్లు చీకట్లో ఉండకూడదు. పదకొండిళ్లవాళ్లూ అలాగే ఆమె చేతిలో పెట్టి పోయారు. దీపం పెడితే ఇంట్లో వెలుగు మాత్రమే. బాక్సు పెడితే వెలుగూ ఉంటుంది, కాలనీ కూడా నిలుస్తుంది. అందుకని బాక్సులు పెట్టింది.

"మరి నంబర్లు? తిప్పేస్వామి దగ్గు, అదంతా?"

"నువ్వు అడుగుతాంటివి కదప్పా, అందరూ కులాసానా అని. ఇంట్లో ఎవురూ లేరని చెప్పేకి నంబరు లేకపాయ. అడిగినోనికి జవాబియ్యకుండా ఎట్ల పోయేది? వాళ్లుంటే ఏం నొక్కుతారో తలుసుకుని నొక్కుతాంటి."

"గోవిందక్క పాట కూడానా?"

"అయ్యో, ఆ పాటంటే నాకు ఒళ్లుమంటప్పా! ఆ యమ్మకిష్టమని."

"నాకూ ఒళ్లుమంటేనక్కా."

ఇద్దరం నవ్వాం. మూడేళ్లు ఇద్దరికీ గిట్టని పాటను ఒకరి కోసం ఒకరం మోశాం. నవ్వు ఆగాక ఆమె గుత్తి నా చేతిలో పెట్టింది.

"నెలాఖరు కదా ఈ పొద్దు. ఏడింటికి లెక్క పోతాది. ఆ నాలుగిండ్లకు పోయి ఎలిగించి రాప్పా. నిన్న నావల్ల కాలేదు. చీకట్లో పడినాయి పాపం."

గుత్తి పట్టుకుని బయటికి వచ్చాను. నాలుగు బాక్సులు నొక్కితే పన్నెండవుతాయి, బండి రాదు. పధ్నాలుగో తారీఖు దాకా రేషన్ బండి కూడా రాదు. ఆమెను మోసుకుని పదకొండు కిలోమీటర్లు నేను నడవలేను, నడిచినా గుట్ట మీద డాక్టరు లేడు. నొక్కకపోతే ఎనిమిదే పోతాయి, ఎల్లుండికి బండి వస్తుంది. ఆమె కాలో, ప్రాణమో దక్కుతుంది. ఆమె మాట ఇచ్చిన పదకొండిళ్లు మూతపడతాయి.

తొమ్మిదో ఇల్లు తెరిచాను. తిప్పేస్వామి ఇల్లు. గూట్లో మట్టి ప్రమిద దుమ్ములో కూరుకుని ఉంది. తుడిచాను. మూటలోంచి నూనె తీసి పోశాను, నా తలగుడ్డ చింపి వత్తి చేశాను. బాక్సు జోలికి పోలేదు. నాలుగిళ్లలోనూ నాలుగు దీపాలు పెట్టి, గాలి తగలకుండా కిటికీ రెక్కలు ఓరగా వేసి వచ్చాను.

ఆమె తలుపులోంచి అటే చూస్తోంది.

"ఎలుగు పసుప్పచ్చగుండాదే," అంది. "టీవీది నీలంగా గదా ఉంటాది."

"దీపాలు పెట్టినానక్కా. ఇండ్లు చీకట్లో లేవు. బాక్సులు మాత్రం ఆన్ చెయ్యలే."

ఆమె తల నా వైపు తిప్పింది. మోసం చేశాననుకుంటుందేమో అని ఉన్నదంతా చెప్పేశాను. "ఈ కాలుతో ఇంకో పదైదు రోజులుంటే నువ్వుండవక్కా. ఏడుకింకా పావుగంటుంది. తాళాలు నీవి. పోయి ఆన్ చెయ్యమంటే ఇప్పుడే పోయి చేస్తా."

"వాళ్లొస్తే?"

"తాళాలు నీ కొంగులోనే ఉంటాయి కదా. శిబిరానికొచ్చి అడిగి తీసుకుంటారు."

"మూడేండ్లాయ," అంది. "రారులే. నాకు ఎప్పుడో తెలుసు. నువ్వు అడుగుతాంటివని పెడతాంటి." మళ్లీ అంది, "నీ డ్యూటీ పోతాది కదప్పా?"

"పోనీలే అక్కా."

తెర మీద నా స్క్రోలింగ్ ఇంకా తిరుగుతోంది, వస్తున్నా, వస్తున్నా అని. ఆమె రిమోట్ ఎత్తి 3 నొక్కింది. నిన్నటిలాగా 1కి మార్చలేదు. రిమోట్ పక్కన పెట్టేసింది. టీవీ మూలన గడియారం ఏడు చూపించింది, మా లెక్క తీగె వెంబడి పోయింది.

కాలికి తడిగుడ్డ మార్చి, పుస్తకం తీసి ఇదంతా రాసుకుంటుంటే అడిగింది.

"ఏం రాస్తాండావు?"

"రోజూ రాసేదే. గాలి, బాక్సులు, మనుషులు."

"చదువు, ఇందాం."

చదివాను. గాలి పసుపు, బాక్సులు ఎనిమిది, మనుషులు ఒకరు.

"ఒకరేందప్పా?" అని కసురుకుంది, పాత మేస్త్రీ గొంతుతో. "నువ్వు మనిసివి కాదా?"

నాలుగేళ్లలో ఏ రోజూ ఆ గడిలో నన్ను వేసుకోలేదు. ఆ సంగతి కూడా నాకు తట్టలేదు. కొట్టేసి మళ్లీ రాశాను.

గాలి: పసుపు. బాక్సులు: 8. మనుషులు: 2.